కామిక్ చేద్దామనుకుంటున్నారా? ముందు రాయాలా, ముందు గీయాలా అన్నది తేల్చుకోండి

కామిక్ చేయాలనుకునేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ యాప్ వాడాలి, ఏ ట్యాబ్ కొనాలి అని. నన్నడిగితే అది చివర్లో చూసుకోవచ్చు. దానికంటే ముందు తేలాల్సింది ఒకటుంది. కథ మొత్తం రాసుకుని తర్వాత గీయాలా, లేక గీస్తూ గీస్తూ కథ అల్లుకోవాలా? ఇది మీ స్వభావానికి సరిపడకపోతే చేతిలో ఎంత మంచి పరికరం ఉన్నా పని మధ్యలో ఆగిపోతుంది.

నా మొదటి కామిక్ అలాగే ఆగింది. 40 పేజీలు అనుకున్నాను, స్క్రిప్ట్ మొత్తం రాసి పెట్టుకున్నాను, నేరుగా పెద్ద కాగితం మీద పెన్సిల్, దాని మీద ఇంకు. అలా 11 పేజీలయ్యాక మొదట్నుంచి చదువుకుంటే ఆరో పేజీలో గొడవ ఎలా మొదలైందో నాకే అర్థం కాలేదు. చూస్తే, ముందు మాట్లాడాల్సిన మనిషిని కుడివైపు గీశాను. మనం చదివేది ఎడమ నుంచి కుడికి కాబట్టి జవాబు ముందు, ప్రశ్న తర్వాత పడింది. చిన్న కాగితం మీద ముందే ఓసారి వేసి చూసుకుని ఉంటే రెండు నిమిషాల్లో దొరికే తప్పు అది. ఇంకు వేశాక దొరికింది కాబట్టి పేజీ మొత్తం మళ్లీ గీయాలి, అది మారిస్తే ఏడూ ఎనిమిదీ మారాలి. అక్కడితో నా ఓపిక అయిపోయింది.

అప్పట్నుంచి ఏ పద్ధతినైనా నేను ఒకే లెక్కన చూస్తున్నాను. మీరు తరచుగా చేసే తప్పు ఏ దశలో బయటపడుతుంది, అప్పటికి ఎంత పని అయిపోయి ఉంటుంది? కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నాను.

పూర్తి స్క్రిప్ట్ రాసుకుని గీయడం

ఇందులో ప్రతి పేజీలో ఎన్ని ప్యానెల్స్ (అంటే బొమ్మల గడులు), ఒక్కో దానిలో ఏం కనిపిస్తుంది, ఎవరు ఏమంటారు అన్నది ముందే రాసేస్తారు. కథలో చిక్కుముడులు ఎక్కువ ఉన్నా, ఎక్కడో వేసిన చిన్న ఆధారం పది పేజీల తర్వాత తేలాలన్నా, బొమ్మలు వేసేది వేరే మనిషైనా ఇదే మంచిది. కథలో లోపం ఉంటే కాగితం మీద పేరాలు అటూ ఇటూ మార్చేస్తే సరిపోతుంది, ఒక్క బొమ్మ కూడా వృథా కాదు.

కానీ బొమ్మలో పట్టనిది రాసేశామన్న సంగతి స్క్రిప్ట్‌లో తెలియదు. ఈ వాక్యం చూడండి:

"లక్ష్మి తాళం తీసి, లోపలికి వచ్చి, బల్ల మీద ఉత్తరం చూసి, కుర్చీలో కూలబడింది."

చదవడానికి హాయిగా ఉంది. ఒక ప్యానెల్‌గా మాత్రం గీయలేం, ఎందుకంటే ప్యానెల్‌లో పట్టేది దాదాపు ఒక్క క్షణమే. తీసి, వచ్చి, చూసి అని చిన్నప్పుడు బళ్లో చదువుకున్న అసమాపక క్రియలు ఒక్కోటీ ఒక్కో ప్యానెల్ అడుగుతున్నాయి. తెలుగులో పనుల్ని ఇలా గొలుసుకట్టుగా చెప్పుకుపోవడం మనకెంత అలవాటంటే రాసేటప్పుడు గమనించం కూడా. అందుకని స్క్రిప్ట్ పూర్తయ్యాక పెన్సిల్ పట్టుకుని ప్రతి అసమాపక క్రియ కిందా గీత గీసుకుంటూ వెళ్లండి. ఒకే ప్యానెల్ వర్ణనలో ఒకటికి మించి గీతలు పడ్డాయంటే దాన్ని విడగొట్టాలి, లేదా కొన్ని పనులు వదిలేయాలి.

పై వాక్యంలో నేనైతే తాళం తీయడం, లోపలికి రావడం రెండూ వదిలేస్తాను. మొదటి ప్యానెల్‌లో ముందు బల్ల, దాని మీద ఉత్తరం, వెనకాల సగం తెరిచిన తలుపు దగ్గర లక్ష్మి, చేతిలో ఇంకా తాళంచెవి. రెండో ప్యానెల్‌లో కుర్చీలో లక్ష్మి, తాళంచెవి నేల మీద. మధ్యలో జరిగినదాన్ని పాఠకుడే ఆ రెండు ప్యానెల్స్ మధ్య ఖాళీలో (దాన్నే గట్టర్ అంటారు) ఊహించుకుంటాడు. తాళంచెవి చేతిలోంచి నేల మీదికి వచ్చింది, అంతే, ఒక్క మాట కూడా రాయక్కర్లేదు. నాకు కామిక్ అంటే ఇంత ఇష్టం ఇలాంటి చోట్ల వల్లే.

ముందు ప్లాట్, తర్వాత బొమ్మలు, చివర్లో మాటలు

దీన్ని మార్వెల్ పద్ధతి అంటారు. 1960ల్లో మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ ఒకేసారి చాలా సిరీస్‌లకు రాయాల్సి ఉండేది, అన్నిటికీ పూర్తి స్క్రిప్ట్ ఇవ్వడం కుదిరేది కాదు. అందుకని కథ సారాంశం ఇస్తే, ఒక్కోసారి మాటల్లో చెప్పేస్తే, జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో లాంటి ఆర్టిస్టులు దాన్ని పేజీలుగా, ప్యానెల్స్‌గా విడదీసి గీసేవారు. ఆ తర్వాత లీ బుడగల్లో మాటలు నింపేవాడు.

బొమ్మ కథని మోస్తుంది, అది దీనిలో పెద్ద సుగుణం. పోరాటాలు, పరుగులు, నిశ్శబ్దంగా సాగే సన్నివేశాలు రచయిత కంటే ఆర్టిస్ట్ చేతిలోనే బాగా నడుస్తాయి. కష్టం రెండు చోట్ల వస్తుంది. మాటలకి చోటు వదలకుండా గీసేస్తే చివర్లో బుడగలు మొహాల మీదికి ఎక్కుతాయి, కాబట్టి ప్రతి ప్యానెల్‌లో పైన మూడో వంతు ఖాళీగా ఉంచుకోవడం అలవాటు చేసుకోవాలి. రెండోది ఇంకా పెద్దది. కథ ఎవరిది? కిర్బీ, డిట్కోల వాటా ఎంత, లీ వాటా ఎంత అన్న వివాదం దశాబ్దాల పాటు నడిచింది, ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉంటారు. ఎంత ప్రాణస్నేహితులైనా సరే, ఇద్దరు కలిసి ఈ పద్ధతిలో చేస్తుంటే మొదటి పేజీ గీయకముందే పేర్లు ఎలా వేసుకోవాలి, హక్కులు ఎలా పంచుకోవాలి అన్నది కాగితం మీద రాసుకోండి. ఇది నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత అడగడం చాలా కష్టం.

దీనికి పూర్తిగా ఎదురు హార్వే కర్ట్‌జ్‌మన్ పద్ధతి. 1950ల్లో ఇ.సి. కామిక్స్‌లో యుద్ధ కథలు చేసినప్పుడు ఆయన ఒక్కో పేజీకి లేఅవుట్ (ప్యానెల్స్, వాటిలో బొమ్మల అమరిక) తనే గీసి ఇచ్చేవాడు, ఆర్టిస్టులు దాన్ని తప్పకుండా అనుసరించాల్సిందే. మీరు రచయిత అయ్యుండి, బొమ్మ బాగా రాకపోయినా సన్నివేశం కళ్లముందు స్పష్టంగా కనిపిస్తుంటే, రాసి వర్ణించడం కంటే పుల్లల బొమ్మలతో ఇలా లేఅవుట్ వేసి ఇవ్వడమే నయం. ముందే అడిగి ఇవ్వండి, కొందరు ఆర్టిస్టులకి ఇది నచ్చదు.

థంబ్‌నెయిల్స్‌తో మొదలుపెట్టడం

ఒక్కరే రాసి, ఒక్కరే గీసేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఇదే. జపాన్ కామిక్స్‌లో, అంటే మాంగాలో, దీన్ని 'నేమ్' అంటారు. పేజీలన్నీ చిన్నగా, గుండ్రటి తలలు, పుల్లల చేతులతో, కానీ అసలు సంభాషణలు రాసి మరీ గీస్తారు. ఎడిటర్ చూసేది దాన్నే. ఆయన సరే అనేదాకా నేమ్‌నే తిప్పి తిప్పి గీస్తారు, ఆ తర్వాతే అసలు కాగితం మీదికి వెళ్తారు.

ఎ4 కాగితాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక పేజీకి సరిపోతుంది. అంతకంటే చిన్నగా వేస్తే ప్యానెల్స్ అమరిక తెలుస్తుంది గానీ మాటలు పట్టవు, మాటలు పట్టకపోతే ఈ పని చేసి ప్రయోజనం లేదు. నా ఆరో పేజీ తప్పు దొరకాల్సింది ఇక్కడే. స్క్రిప్ట్‌లో అది కనిపించదు, ఎందుకంటే రాతలో ప్రశ్న ముందే ఉంది. పెన్సిల్ దశలో చూసినా కనిపించదు, ఎందుకంటే అప్పటికింకా బుడగలు లేవు. మాటా బొమ్మా కలిసి కనిపించే మొదటి చోటు నేమ్.

అయిపోయాక దాన్ని ఎవరికైనా ఇచ్చి ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. ఎలా ఉందని అడగొద్దు, బాగుందనే అంటారు. వాళ్ల కళ్లు చూడండి. ఒక ప్యానెల్ దగ్గర ఆగి వెనక్కి వెళ్లారంటే అక్కడ గుర్తు పెట్టుకోండి, అంతకంటే మంచి విమర్శ మీకు దొరకదు.

ఏమీ ప్లాన్ లేకుండా నేరుగా గీసుకుంటూ పోవడం ఎలా ఉంటుందని కూడా అడుగుతుంటారు. 1990లో స్కాట్ మెక్‌క్లౌడ్ అనే కామిక్స్ ఆర్టిస్ట్ 24 గంటల్లో 24 పేజీల కామిక్ పూర్తిచేయాలని ఒక సవాలు మొదలుపెట్టాడు, ఇప్పటికీ చాలామంది చేస్తుంటారు. భయం పోగొట్టుకోవడానికి, పర్ఫెక్షన్ పిచ్చితో ఆగిపోయినవాళ్లకి ఇది నిజంగా పనిచేస్తుంది. నెలల తరబడి సాగే కథకి మాత్రం వద్దు.

పేజీలా, స్క్రోలా

ఇది గీయకముందే తేలాలి, తర్వాత మార్చుకోవచ్చులే అనుకుంటే చాలా శ్రమ పడాల్సి వస్తుంది. ఫోన్‌లో పైనుంచి కిందికి జరుపుకుంటూ చదివే స్క్రోల్ కామిక్స్ దక్షిణ కొరియాలో పెరిగాయి. నేవర్ సంస్థ తన వెబ్‌టూన్ సేవని 2004లో మొదలుపెట్టింది. రెండింటికీ తేడా బొమ్మ ఆకారంలో మాత్రమే లేదు, కాలాన్ని చూపించే తీరులోనే ఉంది.

పేజీలో పాఠకుడు మొత్తం పేజీని ఒక్కసారి చూస్తాడు, తర్వాత ఒక్కో ప్యానెల్ చదువుతాడు. అంటే కింద కుడి మూలలో హంతకుడి మొహం గీస్తే పైన మొదటి ప్యానెల్ చదవకముందే అది కంట్లో పడిపోతుంది. అందుకే ఆశ్చర్యపరిచేది ఏదైనా పేజీ తిప్పాక రావాలి. ఎడమ నుంచి కుడికి తెరిచే పుస్తకంలో బేసి పేజీలు కుడివైపు, సరి పేజీలు ఎడమవైపు ఉంటాయి కాబట్టి మూడో పేజీ చివరి ప్యానెల్‌లో తలుపు తెరుచుకోవాలి, తలుపవతల ఏముందో నాలుగో పేజీలో కనిపించాలి. రెండు ఎ4 కాగితాలు మధ్యకి మడిచి ఒకదానిలో ఒకటి పెడితే 8 పేజీల బుల్లి పుస్తకం అవుతుంది. అంకెలు వేసుకుని తిప్పి చూడండి, ఏ పేజీ ఎక్కడ దాక్కుంటుందో చేతికే తెలిసిపోతుంది.

స్క్రోల్‌లో తిప్పడం లేదు, దాచడం చాలా తేలిక. తర్వాతి ప్యానెల్ తెర కిందే ఉంటుంది. ఇక్కడ సమయం అంతా ఖాళీలో ఉంది. రెండు ప్యానెల్స్ దగ్గరగా ఉంటే వెంటవెంటనే జరిగినట్టు, మధ్యలో తెర మొత్తం ఖాళీ వదిలితే ఊపిరి బిగబట్టినట్టు, లేదా రాత్రి గడిచినట్టు అనిపిస్తుంది. పై నుంచి పడిపోవడం, మెట్లు దిగడం, వాన, ఇలాంటివి స్క్రోల్‌లో అద్భుతంగా ఉంటాయి. ఎదురెదురుగా నిలబడ్డ రెండు సైన్యాలు, విశాలమైన మైదానం లాంటివి ఇరుకైపోతాయి.

ఒక అంకె గుర్తుంచుకోండి. వెబ్‌టూన్‌లో పెట్టే బొమ్మ వెడల్పు 800 పిక్సెల్స్. దాన్నే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేస్తే సుమారు 2.7 అంగుళాలే వస్తుంది. ఎప్పటికైనా పుస్తకంగా తేవాలన్న ఆశ ఏ మూలనైనా ఉంటే అసలు ఫైల్ దానికి కనీసం రెండు మూడింతల వెడల్పులో గీసి, పెట్టేటప్పుడే తగ్గించండి. అలా చేసినా ప్యానెల్స్‌ని మళ్లీ పేజీలుగా పేర్చుకోవాల్సిందే, ఆ పనికి విడిగా సమయం పడుతుంది. పేజీ కామిక్‌ని అలాగే ఫోన్‌లో పెడితే ఇంకో ఇబ్బంది, అక్షరాలు చదవడానికి ప్రతిసారీ జూమ్ చేయాలి, రెండోసారికి జనం వదిలేస్తారు.

నా అభిప్రాయం అడిగితే: చదివేవాళ్లంతా ఫోన్‌లోనే ఉంటారని తెలిసి, వారం వారం కొంచెం కొంచెంగా పెట్టాలనుకుంటే స్క్రోల్. కథ అయిపోయాక ఒకేసారి చూపించాలనుకుంటే, పేజీ మొత్తాన్ని ఒక బొమ్మలా అమర్చడం మీకు సరదా అయితే పేజీ.

చేతిరాతా, ఫాంటా

తెలుగులో కామిక్ చేసేవాళ్లు దీన్ని చివరిదాకా పట్టించుకోరు, చివర్లో ఏడిపించేది ఇదే. ఇంగ్లిష్ కామిక్స్ చూసి బుడగలు గీసుకుంటే మన మాటలు వాటిలో పట్టవు. 'చెప్పలేకపోతున్నానంటే' అనేది ఒక్క మాట. దాన్ని నిలువు బుడగలో పెట్టలేం, మధ్యలో గీత పెట్టి విరిస్తే చూడ్డానికి బాగుండదు. మన బుడగలు అడ్డంగా వెడల్పుగా ఉండాలి, స్క్రోల్‌లో అసలే వెడల్పు తక్కువ కాబట్టి అక్కడ సంభాషణలు ఇంకా పొట్టిగా రాసుకోవాలి. ఒక బుడగలో 12 మాటలు దాటితే నేను దాన్ని రెండుగా చేస్తాను. విరవక తప్పకపోతే 'చెప్పలేక' ఒక వరసలో, 'పోతున్నానంటే' కింది వరసలో పెట్టండి, మాట సహజంగా విరిగే చోట విరిస్తే చదివేటప్పుడు అడ్డు తగలదు.

ఇంకో సంగతి వత్తులు. కింద వత్తు, దాని కింది వరసలో గుడి, రెండూ ఢీకొంటాయి. చేత్తో రాస్తే ఒక్కో వరసకి మూడు జాగాలు గీసుకోండి: పైన గుణింతాలకి, మధ్యలో అక్షరానికి, కింద వత్తులకి. ఫాంట్ అయితే వరసల మధ్య దూరం మామూలు కంటే పెంచండి. ఏ యాప్ తీసుకున్నా మొదటి రోజే 'జ్యోత్స్న', 'స్త్రీ', 'లక్ష్మి' అని టైప్ చేసి చూడండి, వత్తులు విడిపోయి పక్కన కూర్చున్నాయంటే ఆ యాప్‌లో బొమ్మలు మాత్రమే వేసుకుని అక్షరాలు వేరే చోట వేసుకోవాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుంటే సరిపోతుంది. ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు సరిగ్గా చూపిస్తుంది, నేను బుడగలు అందులోనే వేస్తాను.

మనకి పెద్దక్షరాలు లేవు కాబట్టి కేక పెట్టాలంటే సైజు, లావు మాత్రమే చేతిలో ఉన్నాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్ కేకలకి బాగుంటుంది, మామూలు సంభాషణకి బరువెక్కువ. మీ చేతిరాత చదవడానికి వీలుగా ఉంటే మాత్రం నేను చేతిరాతకే ఓటేస్తాను. గీతా రాతా ఒకే చేతివి కావడంతో పేజీ అంతా కలిసిపోతుంది. నెమ్మదిగా సాగుతుంది, అది ఒప్పుకోవాలి, తప్పు దొర్లితే దిద్దడం కూడా కష్టమే.

కాగితమా, తెరా

దీని గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు, నేను తక్కువే చెబుతాను. పదే పదే చెరుపుతూ ఎక్కడా ముందుకి కదలనివాళ్లు కాగితం మీద గీయండి, ఎందుకంటే అక్కడ అన్‌డూ లేదు, ఒక దశలో వదిలేసి తర్వాతి పేజీకి వెళ్తారు. ఇంకు వేశాక తప్పులు ఎక్కువ దొర్లేవాళ్లకి తెర నయం.

కాగితమైతే అచ్చు సైజు కంటే పెద్దగా గీయండి. అమెరికన్ కామిక్స్ ఆర్టిస్టులు 11×17 అంగుళాల బోర్డు మీద గీస్తారు, అచ్చులో అది దాదాపు మూడింట రెండు వంతులకి తగ్గుతుంది, తగ్గినప్పుడు గీత బిగుస్తుంది, చిన్న వణుకులు కనిపించవు. నీలి పెన్సిల్‌తో వేసుకుని పైన ఇంకు వేస్తే రబ్బరుతో చెరిపే పని ఉండదు, స్కాన్ చేశాక నీలం తీసేయొచ్చు. నలుపు తెలుపు గీతల్ని 600 డీపీఐలో స్కాన్ చేయండి, 300లో అంచులు మెత్తబడతాయి.

తెరైతే, డబ్బు పెట్టకుండా చూడాలనుకుంటే క్రిటా. ప్యానెల్ గీతలు, టోన్స్ (నీడల కోసం వేసే చుక్కల నమూనాలు), పోజుల కోసం త్రీడీ బొమ్మలు కావాలంటే క్లిప్ స్టూడియో పెయింట్. చాలా పేజీల్ని ఒకే ఫైల్‌లా చూసుకునే సదుపాయం మాత్రం దాని ఈఎక్స్ వెర్షన్‌లోనే ఉంది, కొనేముందు చూసుకోండి. ప్రోక్రియేట్ ఐప్యాడ్‌లోనే పనిచేస్తుంది, గీయడానికి చాలా హాయి, కానీ కాన్వాస్ పెద్దదయ్యే కొద్దీ వాడుకోగల లేయర్లు (ఒకదాని మీద ఒకటి వేసుకునే పొరలు) తగ్గిపోతాయి. ఎ4 సైజులో 600 డీపీఐ అంటే 4960×7016 పిక్సెల్స్, అక్కడ అది బాగా తెలుస్తుంది.

రంగుల విషయానికొస్తే, మొదటి కామిక్ నలుపు తెలుపులోనే చేయండి. రంగు వేయాలనే ఉంటే వేసిన పేజీని ఒకసారి గ్రేస్కేల్‌లోకి మార్చి చూడండి. మనిషి, వెనక గోడ ఒకే బూడిద రంగులో కలిసిపోతే రంగులు ఎంత వేరుగా ఉన్నా పేజీ చదవడం కష్టం.

ఎన్ని పేజీలు

ఎనిమిది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి, నాలుగులో కథ నిలబడదు, పన్నెండు మొదటిసారికి ఎక్కువ. నా 40 పేజీల కథని తర్వాత ఎనిమిదికి కుదించి నేమ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఆరో పేజీ గొడవ మూడో పేజీకి వచ్చింది, దాని ముందున్న ఐదు పేజీల ఉపోద్ఘాతం రెండు ప్యానెల్స్‌లో సరిపోయింది. మొదటి పేజీ అట్టకి వదిలేస్తే ఏడు పేజీల కథ మిగులుతుంది, దానికి నేమ్ ఒక్క సాయంత్రంలో వేసేయొచ్చు. రెండు కాగితాలు మడిచి ఇవాళే వేసి చూడండి, యాప్ సంగతి వచ్చే వారం చూసుకోవచ్చు.